తాగనివాడికి విడుదల

బాపట్ల,
18-6-1986

ప్రియమైన తమ్ముడు ఆనందానికి అక్క సువార్త దీవెనలతో రాసేది.

క్షేమంగా చేరాను. రైలు రెండు గంటలు లేటు. పక్క సీటావిడ మొహమాటపెడితే పచ్చి జామకాయ తిని రెండు రోజులు కడుపునొప్పితో పడుకున్నాను. నా సంగతులు ఇంతే. ఇక నీ సంగతి.

పది రోజులు మీ చిలకలగూడ ఇంట్లో ఉన్నాను. సలోమి నాకు ఏ లోటూ చేయలేదు. నీ భార్యని ఒక్క మాట కూడా అనను. నువ్వు మాత్రం పది రోజుల్లో ఒక్కసారి నవ్వలేదు. మన చిన్నప్పుడు మేక అమ్మ చీర నమిలేసిన కథ చెబితే సలోమి పొట్ట పట్టుకుని నవ్వింది, నువ్వు గోడలా కూర్చున్నావు. మాట ముద్దగా వస్తోంది. కాలు ఈడుస్తున్నావు. గుమ్మం దగ్గర ఆగి తూలుతున్నావు. పేపరు చదువుతుంటే ఒళ్ళో పెట్టుకున్న కుడిచెయ్యి దానంతటదే ఆడుతోంది. నేను చూడగానే జేబులో పెట్టేశావు.

ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేశాను ఆనందం. చెయ్యి వెనక్కి దాచుకునే పిల్ల ఏదో తప్పు చేసే ఉంటుంది.

నాన్నకీ ఇలాగే మొదలైంది. అమ్మ పోయే ముందు నీ చేత బైబిలు మీద చెయ్యి పెట్టించి, సారా ముట్టనని ఒట్టు వేయించుకుంది. ఆ చెయ్యే ఇప్పుడు వణుకుతోంది. ప్లాట్‌ఫాం మీద నిన్ను సూటిగానే అడిగాను, "తాగుతున్నావా?" అని. నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డావు. రైలు కదిలింది. కాదనడానికి ఎంతసేపు పడుతుంది?

జవాబు రాయి. నిజం రాయి.

నీ అక్క,
సువార్త


చిలకలగూడ, సికింద్రాబాదు,
5-7-1986

అక్కయ్యకు దేవానందం వందనాలు.

జామకాయ సంగతి చదివి నవ్వుకున్నాను. నవ్వానంటే నువ్వు నమ్మవు. పక్కనే ఉన్న సలోమే నమ్మలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు: లేదు. ఆ "లేదు" నోట్లోకి వచ్చేసరికి నీ బోగీ సిగ్నల్ దాటిపోయింది. ఈమధ్య మాట వెంటనే రావడం లేదు, ఎందుకో తెలియదు.

చెయ్యి సంగతి నిజమే. ఏడాదిన్నర అయింది. పని చేస్తుంటే ఆగుతుంది, ఊరికే పెడితే ఆడుతుంది. రైల్ నిలయంలో ఫైళ్ళు సర్దుతున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది, పెద్దసారు ముందు నిలబడితే మొదలుపెడుతుంది. అందుకే జేబులో పెట్టుకుంటాను. సిగ్గు అక్కయ్యా, తప్పు కాదు. వీధి చివరి డాక్టరు నరాల బలహీనత అని బలానికి సూదులు పొడుస్తున్నాడు.

మా ఆఫీసు అటెండరు పర్వతాలు నీకు తెలియదు. ఈ సంవత్సరమే రిటైరవుతాడు. సెక్షన్ గుమ్మం దగ్గర నా కాళ్ళు నేలకు అతుక్కుపోతే వాడే వచ్చి తన కాలు అడ్డం పెట్టి, "నా కాలు దాటుండ్రి సార్" అంటాడు. దాటాలనుకోగానే కాలు లేస్తుంది. ఎందుకు లేస్తుందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. గుమాస్తాలు నా గురించి గుసగుసలాడుతుంటే మొన్న వాడు అందరి ముందూ అన్నాడు: "సారు తాగినోడు కాడు. నేను దినాం తాగేటోణ్ణి, నాకు తెల్వదా?"

ఇంతకంటే పెద్ద సాక్ష్యం నా దగ్గర లేదు.

నీ తమ్ముడు,
దేవానందం


బాపట్ల,
22-8-1986

ప్రియమైన ఆనందానికి,

నీ ఉత్తరం భూతద్దం పెట్టి చదివాను. మొదటి వరుస అక్షరాల్లాగే ఉంది, చివరికొచ్చేసరికి ఆవాలు చల్లినట్టుంది. ఒకప్పుడు నీ దస్తూరి చూపించి నా పిల్లల చేత కాపీ రాయించేదాన్ని. అక్కకు రాసేటప్పుడు అక్షరం పెద్దది పెట్టడానికి కూడా మనసు రాలేదా?

పైగా పర్వతాలు అనే తాగుబోతు మాట నాకు సాక్ష్యంగా పంపుతావా? తాగలేదని తాగుబోతు చేత సర్టిఫికెట్టు ఇప్పించుకున్నవాణ్ణి నిన్నే చూశాను.

కోపం తెచ్చుకోకుండా విను. మొన్న శుక్రవారం మా స్త్రీల సమాజంలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు నేను లేచి నిలబడ్డాను. పన్నెండేళ్ళుగా అధ్యక్షురాలిగా అందరి మనవులూ రాసుకున్నదాన్నే గానీ నాదని ఒక్కటీ చెప్పలేదు. "సికింద్రాబాదులో ఉన్న మా తమ్ముడికి తాగుడు నుంచి విడుదల కావాలి" అన్నాను. పేరు చెప్పలేదు. నాకున్నది ఒక్క తమ్ముడే అని వాళ్ళకు తెలిసుంటే అది నా తప్పు కాదు. నలభై మంది ఏడు శుక్రవారాలు ఉపవాసం పడతామని మాటిచ్చారు. కాంతమణికి షుగరు, వద్దన్నా వినలేదు. నీ కోసం ఇంతమంది కడుపు మాడ్చుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

మీ పాస్టరు జకర్యాగారికి కూడా ఒక ముక్క రాశాను. ఆయన భార్య నా శిష్యురాలే. నిన్ను మందలించమని కాదు, కాస్త కనిపెట్టుకుని ఉండమని.

నీ మేలు కోరే,
అక్క


చిలకలగూడ,
6-10-1986

అక్కయ్యకు,

ఆయన బాగానే కనిపెట్టుకున్నాడు.

నిన్న మొదటి ఆదివారం, బల్లారాధన. ద్రాక్షరసం పళ్ళెం పట్టడానికి ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నట్టే పాట మొదలవగానే పక్క గదిలోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. జకర్యాగారు తువ్వాలు అందించి మెల్లగా అన్నారు: "అన్నా, ఈ నెల మీరు జెర ఆరాం తీస్కోండి. పళ్ళెం పేతురన్న పడ్తడు." ఎందుకని అడిగాను. "ఊర్కెనే. చెయ్యి మంచిగైనంక చూద్దాం. మీ అక్క సుత మస్తు పరేషాన్‌ల ఉన్నది."

పళ్ళెంలో ముప్పయ్యారు చిన్న గ్లాసులు ఉంటాయి. ఇరవై రెండేళ్ళలో ఒక్క చుక్క ద్రాక్షరసం ఎవరి చీర మీదా ఒలకలేదు. రెండు చేతులతో పళ్ళెం పట్టుకుంటే నా చెయ్యి ఆగుతుంది అక్కయ్యా. నెలంతా నన్ను నవ్వులపాలు చేసే చెయ్యి ఆ పావుగంట నా మాట వింటుంది. నేను నెలంతా ఆ పావుగంట కోసమే చూస్తాను. పట్టుకుని చూపించమని నన్నెవరూ అడగలేదు. నేను తడిచేతులతో వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. పేతురు గ్లాసు అందిస్తూ వంగి నా నోటి దగ్గర గాలి పీల్చాడు. నా తోటి సంఘపెద్ద, నా కూతురి పెళ్ళిలో వడ్డించినవాడు.

నేను నిన్ను అడిగేది ఒక్కటే. ఏ గదిలో లేచి అన్నావో ఆ గదిలోనే లేచి, అంతే గట్టిగా, "నా తమ్ముడు తాగడు" అని చెప్పు. జకర్యాగారికీ అదే రాయి.

దేవానందం


బాపట్ల,
14-11-1986

ఆనందం,

చెప్పను.

నాన్న కూడా అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని "ముట్టలేదే" అనేవాడు. నాకప్పుడు పదమూడేళ్ళు. నేను ఆయన్ని నమ్మి అమ్మతో పోట్లాడేదాన్ని. "ఎందుకమ్మా ఊరికే అనుమానిస్తావు" అనేదాన్ని. చివరికి కాలవగట్టున బోర్లా పడి ఉంటే నలుగురు మోసుకొచ్చారు. ఒకసారి నమ్మి చూశాను, ఇక చాలు.

ఇంకో మాట మూడేళ్ళుగా కడుపులో పెట్టుకున్నాను. మీ బావ పోయినప్పుడు పెట్టె మూసే వేళ మాకు పాలు పోసే మనిషి కూడా గుండెలు బాదుకుంది. నువ్వు మాత్రం కళ్ళు కూడా తడవకుండా నిలబడ్డావు. నీకు మొదటి బూట్లు కొన్న మనిషి, నీ పరీక్ష ఫీజు కట్టిన మనిషి. ఇంతగా మనసు చచ్చిపోయేది తాగుడు వల్లే అని ఆ రోజే అనుకున్నాను. ఎవరితోనూ అనలేదు.

సలోమిని నాకు విడిగా రాయమను. ఆడవాళ్ళకు ఆడవాళ్ళు అబద్ధం చెప్పరు.

సువార్త


చిలకలగూడ,
9-2-1987

అక్కయ్యకు వందనాలు.

సలోమి విడిగా రాయదట. "వదినగారికి మీ మాట చేదైతే నా మాట తీపా?" అంది. దానికి బదులు నన్ను పట్టుబట్టి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ మన దేవకృప వయసు ఉంటుంది, అంతే. నా కూతురి ఈడు పిల్ల నన్ను చూసినంత శ్రద్ధగా ఈ రెండేళ్ళలో ఎవరూ చూడలేదు. నేను కుర్చీలో కూర్చోవడమే ఒక నిమిషం చూసింది. బొటనవేలికి చూపుడువేలు తాటించమంది. వరండాలో నడిపించింది. వెనక నిలబడి భుజాలు పట్టి గుంజి చూసింది. ఒకే వాక్యం ఆరుసార్లు రాయించింది. ఆరోది నేనే చదవలేకపోయాను. మల్లెపూల వాసన చివరిసారి ఎప్పుడు తెలిసిందని అడిగింది. ఆలోచిస్తే ఆరేళ్ళ పైనే అయింది. జలుబనుకున్నాను.

దీన్ని పార్కిన్సన్స్ అంటారట. మెదడులో ఒకచోట తయారయ్యే మందులాంటి పదార్థం తగ్గిపోతుంది. అప్పుడు మనసు చెప్పింది ఒంటికి సరిగ్గా చేరదు. లేవాలనుకుంటాను, కాలు వినదు. ముఖం కూడా కండరాలే కదా, అదీ వినదు. లోపల నవ్వుతూనే ఉంటాను, పైకి గోడలా కనిపిస్తాను. గొంతు పడిపోవడం, అక్షరం చిన్నదైపోవడం అన్నీ ఇందులోవే. నీకు పెద్ద అక్షరాలు రాయాలని మనసు లేక కాదు.

పూర్తిగా పోయే జబ్బు కాదట. మాత్రలతో, నడకతో నెట్టుకు రావచ్చు. రోజుకు మూడుసార్లు గడియారం చూసి అన్నానికి అరగంట ముందు వేసుకోవాలి. మనంతట మనం ఆపితే ప్రమాదం. పర్వతాలు కాలు అడ్డం పెట్టే సంగతి చెబితే డాక్టరమ్మ నవ్వి, "ఆయనకు ఎవరు నేర్పారు? మేమూ అదే చెబుతాం" అంది.

తాగుడు వల్ల వచ్చిందా అని సలోమి అడిగింది. నీ కోసమే అడిగింది. కాదని డాక్టరమ్మ చీటీ మీద రాసి సంతకం పెట్టింది. నకలు ఇందులో పెట్టాను.

బయటికొచ్చాక ఆటోలో సలోమి ఏడ్చింది. రెండేళ్ళుగా నా ముఖం చూసి, తనంటే నాకు విసుగు పుట్టిందని అనుకుందట. మనసులో నన్ను తిట్టుకుంటూ వడ్డించిందట. పక్కనే పడుకునే మనిషే అలా అనుకుంటే నిన్ను ఏమనను?

బావగారి పెట్టె దగ్గర నాకు ఏడుపు రాలేదని రాశావు. వచ్చింది, ముఖం దాకా రాలేదు. తిరుగు రైల్లో విజయవాడ దాటాక వచ్చింది. ఎవరూ చూడలేదు గనక అది లేనట్టేనా అక్కయ్యా?

ఇప్పుడైనా లేచి నిలబడి చెప్పు.

దేవానందం


బాపట్ల,
16-3-1987

నా తండ్రీ ఆనందం,

నీ ఉత్తరం, ఆ చీటీ చదివాను. విజయవాడ దాటాక అన్న చోట ఆగిపోయాను. ఎన్నిసార్లు చదివినా అక్కడే ఆగిపోతున్నాను. నన్ను క్షమించు. మాత్రలు మానకు.

మొన్న శుక్రవారం చీటీ చేతిలో పట్టుకునే సమాజంలో లేచాను. ఎదురుగా నలభై ముఖాలు. మొదటి ఏడు శుక్రవారాలు అయ్యాక వాళ్ళంతట వాళ్ళే ఇంకో ఏడు పట్టారు. కాంతమణి ఉపవాసంలో కళ్ళు తిరిగి పడి నుదుటికి మూడు కుట్లు వేయించుకుంది. ఆ కుట్లు నా ఎదురుగానే కనిపిస్తున్నాయి. "మీరంతా మాడింది లేని తాగుడు కోసం, నేనే పొరపాటు పడ్డాను" అని ఏ నోటితో అననురా? నోరు తెరిచాక వచ్చిన మాట వేరు. "మా తమ్ముడికి విడుదల దొరికింది. ఇప్పుడు ముట్టడం లేదు" అన్నాను. ముట్టడం లేదన్నది నిజమేగా. అందరూ లేచి స్తోత్రాలు చెప్పారు, కాంతమణి నన్ను కావలించుకుంది.

జకర్యాగారికి కూడా అదే రాశాను. నీ పళ్ళెం నీకు తిరిగి వస్తుంది. నీకు కావలసింది అదే కదా? జబ్బు సంగతి మెల్లగా నేనే అందరికీ చెబుతాను. నువ్వేమీ మనసులో పెట్టుకోకు.

ప్రేమతో,
అక్క


చిలకలగూడ,
8-4-1987

అక్కయ్యకు,

దస్తూరి సలోమిది. మాటలు నావి. ఒక్కో మాటకు ఆగి ఆగి రాయించాను, అందుకని ఇందులో తొందరపడి అన్నది ఒక్కటీ లేదు.

మొన్న ఆదివారం బల్లారాధనలో జకర్యాగారు మైకులో అన్నారు: "ప్రైజ్ ద లార్డ్! మన దేవానందమన్నకు దేవుడు తాగుడుకెల్లి విడుదలిచ్చిండు. పద్నాలుగు శుక్రవారాలు బాపట్ల అక్కలు కడుపులు మాడ్చుకున్నరు. అన్నా, లేసి ముందుకు రా. పళ్ళెం పట్టు."

తెలియనివాళ్ళకు కూడా తెలిసింది. ఆరు నెలలుగా గుసగుసల్లో ఉన్నది మైకులోకి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

లేచాను. కాళ్ళు అతుక్కుపోయాయి. అది పశ్చాత్తాపం అనుకుని వెనక ఎవరో ఏడ్చారు కూడా. పేతురు వచ్చి నా చెయ్యి పట్టి లాగాడు. లాగితే ఇంకా బిగుసుకుపోతాను. "నేను ఎన్నడూ తాగలేదు" అన్నాను. ఇప్పుడు నా గొంతు రెండు బెంచీలు దాటదు. మైకు అడిగాను. జకర్యాగారు భుజం తట్టి, "సాక్ష్యం మళ్ల చెప్దువు గని, ముందుగాల బల్ల కానియ్యి" అన్నారు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి సలోమి లేచి అరిచింది. ముప్పై ఏళ్ళ కాపురంలో దాని గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. "ఆయన ఎప్పుడూ తాగలేదు. అది జబ్బు. నా దగ్గర చీటీ ఉంది" అంది. జకర్యాగారు మైకు పక్కకు తిప్పి, ముందు వరుసకు వినపడేలా అన్నారు: "ఇల్లాలు మొగని తప్పు కప్పుకుంటది మరి, మంచిదేనాయె."

సలోమి మధ్యలో నడిచొచ్చి తన కాలు నా కాలికి అడ్డం పెట్టింది. దాటాను. మళ్ళీ పెట్టింది, మళ్ళీ దాటాను. పన్నెండు బెంచీల పొడవునా అలాగే బయటికొచ్చాం. ఆ నడక చూసి, నేను తాగుబోతునని వాళ్ళకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

నువ్వు నన్ను తాగుబోతుని చేసినప్పుడు నీకు తెలియక చేశావు. తాగుడు మానినవాణ్ణి చేసినప్పుడు అన్నీ తెలిసి చేశావు.

దేవానందం


బాపట్ల,
3-5-1987

ఆనందం,

సాకులు రాయను.

మొన్న శుక్రవారం చెప్పాను. మొదటి నుంచీ చెప్పాను. నాన్న సంగతి, నీ జేబులో చెయ్యి సంగతి, నీ చీటీ అందాక కూడా నేను ఆడిన అబద్ధం సంగతి. చీటీ పైకి చదివాను. తర్వాత చేతులు మారుస్తూ వెనక బెంచీ దాకా పంపారు, చాలామంది మడత కూడా విప్పలేదు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కాంతమణి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "అమ్మగారూ, తమ్ముడుగారు మళ్ళీ మొదలుపెట్టారా? మా దగ్గర దాపరికం ఎందుకండీ, ఇంకో ఏడు శుక్రవారాలు పడదాం" అంది. చుట్టూ అందరూ జాలిగా తల ఊపారు. తమ్ముడి పరువు కాపాడుకోవడానికి జబ్బు కల్పించానని అనుకుంటున్నారు.

నేను బల్ల గుద్ది మరీ చెప్పాను. గట్టిగా చెప్పినకొద్దీ వాళ్ళ జాలి ఎక్కువైంది. అధ్యక్ష పదవి వదిలేశాను. అది కూడా సిగ్గుతో వదిలేశానని అనుకున్నారు. నిజం చెబుతుంటే నమ్మని ముఖాల ఎదుట నిలబడడం ఎలా ఉంటుందో అరవై మూడేళ్ళకు తెలిసింది. నీకు పది నెలలుగా తెలుసు. జకర్యాగారికి మూడు పేజీలు రాశాను. జవాబు రాలేదు.

నన్ను రానిస్తావా? సలోమి ఒక్కత్తీ ఎన్నని చూస్తుంది? ఒక నెల ఉండి చేతనైనంత చేస్తాను. నీతో ఎలా మసలుకోవాలో రాయి, బడిపిల్లలా నేర్చుకుంటాను. నామీద కోపం ఉంటే అది కూడా రాయి.

సువార్త


చిలకలగూడ,
12-5-1987

అక్కయ్యకు,

రా.

మాత్రలు పొద్దున ఏడుకి, పగలు పన్నెండున్నరకి, సాయంత్రం ఆరుకి. ఆ వేళకు అన్నం ముందు పెట్టి తినమని బతిమాలకు, మాంసం కూర అసలే వద్దు, మందు పనిచెయ్యదు. మాత్ర పట్టిన గంట నేను మనిషిని, అన్నీ అప్పుడు మాట్లాడుకుందాం. దాని బలం తగ్గాక నన్ను ఏమీ అడక్కు.

చొక్కా గుండీలు నేనే పెట్టుకుంటాను. ఇరవై నిమిషాలు పడుతుంది. చూడలేకపోతే వంటింట్లోకి వెళ్ళు. ఆగిపోతే లాగకు, "ఒకటి, రెండు" అని లెక్కపెట్టు. మాట వెతుక్కుంటుంటే నువ్వు అందించకు, నా మాట నన్నే చెప్పనీ. నాకేమనిపిస్తోందో ముఖం చూసి తేల్చుకోకు, నోటితో అడుగు. రోజూ పావుగంట పేపరు గట్టిగా చదవాలి, గొంతు కోసం. ఆ పని నువ్వు చేయించు, హెడ్మిస్ట్రెస్‌వి కదా. వినపడకపోతే మళ్ళీ చదివించు, పరవాలేదు. పర్వతాలు ఆదివారాలు వస్తున్నాడు, నన్ను అల్వాల్ దాకా బస్సులో తిప్పి తెస్తాడు. వాడికి మర్యాదగా టీ ఇవ్వు.

ఎవరినీ ప్రార్థనకు పిలవకు. పళ్ళెం సంగతి నా దగ్గర ఎత్తకు. జకర్యాగారు రేపు వచ్చి కాళ్ళు పట్టుకున్నా లాభం లేదు. పోయిన వారం ఇంట్లో పళ్ళెంలో మంచినీళ్ళ గ్లాసులు పేర్చుకుని పట్టుకు చూశాను. రెండు చేతులతో పట్టుకున్నా ఆగలేదు. సలోమి ఏమీ అనకుండా నేల తుడిచింది.

ఇక్కడ సలోమి పెన్ను పక్కన పెట్టేసింది. తర్వాతి మాట రాయనంటోంది. "కోపం కూడా జబ్బేనండీ, మనసు కుంగుతుందని డాక్టరమ్మ చెప్పింది కదా, వదినగారికి అలా రాయకండి" అంటోంది. అందుకని ఇది నేనే రాస్తున్నాను. ఈ నాలుగు ముక్కలకే పొద్దంతా పట్టింది.

కోపం ఉందా అని అడిగావు. ఉంది. నడక, గొంతు, దస్తూరి, అన్నీ జబ్బు తీసుకుపోయింది. నీ మీద కోపం జబ్బుది కాదు, నాది. నువ్వొచ్చాక ఎవరేం చెప్పినా దాన్ని జబ్బు మీదికి తొయ్యకు.

దేవానందం